గుమ్మడికాయను దాచడం ఎందుకు?

ఈ మధ్య నగరాల్లోని బేకరీల్లో కొత్త రకం కేకులు కనిపిస్తున్నాయి. మైదా ఉండదు, గుడ్డు ఉండదు, పాలూ వెన్నా ఉండవు. రాగి పిండి, బెల్లం, అందులో పిల్లలకు తెలియకుండా కలిపిన గుమ్మడికాయో, క్యారెట్టో, బీట్‌రూటో ఉంటాయి. మామూలు కేకు కంటే ధర ఎక్కువ. ఇలాంటి తీపి మన హాస్టళ్లకూ రావాలని నా కోరిక. కానీ 'తెలియకుండా' అన్న మాట మాత్రం మన గేటు బయటే ఆగిపోవాలి.

ముందు ఒక అపోహ తీర్చుకుందాం. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ వంటి ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. సీలియాక్ జబ్బు ఉన్నవారు దాన్ని పూర్తిగా మానాలి. మిగతావారికి అది విషమేమీ కాదు, చపాతీ చూసి భయపడక్కర్లేదు. మరి రాగి కేకు ఎందుకంటారా? వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పదికి అటూ ఇటూ మాత్రమే. మైదాలో పీచు దాదాపు లేనట్టే. ఎముకలు ఎదిగే వయసంతా హాస్టల్ అన్నంతోనే గడిపే మనకు ఈ తేడా చిన్నది కాదు. ఇక 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కేకు తింటే రక్తహీనత పోతుందని నేను చెప్పను. దానికి ఆకుకూరలు, పప్పు, గుడ్లు, ఐరన్ మాత్రలు కావాలి. బెల్లం కూడా ఒక రకం చక్కెరే, మితంగానే వాడాలి. కానీ ఎలాగూ తినే తీపి ఏదో కొంత మేలు చేసేదైతే నష్టమేముంది?

చేయడానికి ఓవెన్ అక్కర్లేదు. గోధుమ పిండిని పట్టి ఉంచేది గ్లూటెన్ జిగురే. అది లేని రాగి పిండి పొడిపొడిగా విరిగిపోతుంది. ఉడికించి మెదిపిన గుమ్మడికాయ తన తేమతో, పీచుతో ఆ పిండిని కలిపి ఉంచుతుంది. అంటే అక్కడ గుమ్మడికాయ దొంగచాటుగా దూరిన అతిథి కాదు, పనిచేసే మనిషి. రెండు గ్లాసుల రాగి పిండి దోరగా వేయించి, ఒక గ్లాసు బియ్యప్పిండి, రెండు గ్లాసుల గుమ్మడి గుజ్జు, గ్లాసున్నర బెల్లం తురుము, పావు గ్లాసు వేరుశనగ నూనె, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు కలపాలి. చాలినన్ని నీళ్లతో ఇడ్లీ పిండిలా చేసి, చివర్లో అర చెంచా సోడా, ఒక నిమ్మకాయ రసం వేసి, వెంటనే ఇడ్లీ పాత్రలో ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. ఇంతే.

ఇప్పుడు దాచడం సంగతి. మా అమ్మానాన్నలు కూలికి పోయేవారు. మా ఇంట్లో రాగి సంగటి రోజూ ఉండేది. కానీ చుట్టాలొస్తే దాన్ని పక్కకు పెట్టి అన్నం వండేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేద ఇళ్లలో వరి అన్నం గౌరవానికి గుర్తయింది. అందులో తప్పేమీ లేదు, ఆకలి తీర్చిన పథకమది. కానీ రాగులు, జొన్నలు, కొర్రలు లేనివాళ్ల తిండి అనే ముద్ర మిగిలిపోయింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అవే గింజలు పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక కూర్చున్నాయి. మన ముసలమ్మలు చేసిన సజ్జ బూరెలకు, నువ్వుల ఉండలకు, గుమ్మడికాయ హల్వాకు ఏ బోర్డూ లేదు, ఎవరూ ఏమీ దాచలేదు.

దాచి పెడితే పిల్లవాడు ఆ పూటకు గుమ్మడికాయ తింటాడు. మర్నాడు పులుసులో కనబడితే మళ్లీ ఏరి పారేస్తాడు. పైగా హాస్టల్ పిల్లలకు ఇది మర్యాద ప్రశ్న. సాంబారులో ఏముందో గరిటెతో వెతుక్కుంటూ తిన్నవాళ్లం మనం. మన కంచంలో ఏముందో తెలుసుకునే హక్కు మనకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాల్సిన అవసరం వంటగదికి ఉండకూడదు.

అందుకే మెస్ కమిటీకి, వార్డెన్ గార్లకు నా మనవి. నెలకొక ఆదివారం ఈ తీపి చేయించండి. అందులో ఏమేం వేశారో, ఎంతెంత వేశారో మెస్ గోడ మీది నల్లబల్ల మీద రాయించండి. గుమ్మడి తరగడానికి, బెల్లం కొట్టడానికి పిల్లల్ని పిలవండి. తన చేత్తో తరిగిన కాయను ఎవరూ కంచం అంచుకు నెట్టరు. పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ, వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలకు బదులు ఒక పెద్ద ఇడ్లీ పాత్ర తీసుకురండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇంటి గింజను చూసి తలదించుకోకండి. పేరు చెప్పి వండుకుందాం, పేరు చెప్పి తిందాం.