క్విక్నె పంచాయతీ కథ

నార్వే దేశమున కొండల నడుమ క్విక్నె యను చిన్న పంచాయతీ యుండెను. అట్టి సంస్థను అచ్చటివారు కొమ్యూనె యందురు. 1837 నాటి శాసనముచే ఆ దేశపు పల్లెలకు స్వపరిపాలనాధికారము లభింపగా, 1838లో క్విక్నె పంచాయతీ యేర్పడెను. 17వ శతాబ్దమున రాగి గనులకు పేరొందిన చోటది. మహాకవి బ్యోర్న్‌సన్ 1832లో జన్మించినదియు నిచ్చటనే.

చిన్న పంచాయతీలు బడులు మున్నగువాని వ్యయమును భరింపజాలవని తలచి, 1946లో నియమింపబడిన షెయ్ సంఘము వానిని కలుపవలెనని సూచించెను. 700కు మించిన పంచాయతీలు సుమారు 450కి తగ్గెను. 1966 జనవరి 1వ తేదీన క్విక్నెయు అంతరించెను. ఇన్‌సెట్ ప్రాంతము రెన్నెబులోను, తక్కినది ట్యూన్‌సెట్‌లోను చేరెను.

పెద్ద బొక్కసము లేనిదే పెద్ద పని సాగదనుట నిజమే. కాని 128 ఏండ్లు తన లెక్కలు తానే చూచుకొన్న పల్లె రెండుగా చీలుట స్వల్పనష్టము కాదు. పన్ను విధించువాడు ఇరుగుపొరుగువాడైనచో నిలిపి యడుగవచ్చును. కచేరి దూరమైనకొలది అడుగువారు తగ్గుదురు.

రైతు సోదరులారా! సహకార సంఘములను కలుపుదమను మాట వచ్చినప్పుడు, మిగులు రూకల లెక్కతో తృప్తినొందకుడు. పిమ్మట మన మాట యెవరు విందురో ముందుగా నడిగి, ఆ తరువాతనే చేయెత్తుడు.