కథకు ఊఁకొట్టువారు

కథ చెప్పువాని నేర్పును గూర్చి పెద్దలు చాల వ్రాసిరి. ఊఁకొట్టువారి ధర్మమును గూర్చి వ్రాసినవారు తక్కువ. ఈ మాసము ఆ రెండవదానిని విచారింతము.

మనమెఱిగిన మహాభారతమునే చూడుడు. కురువంశపు కథను జనమేజయునకు వైశంపాయనుడు చెప్పెను. దానిని విని వచ్చిన ఉగ్రశ్రవసుడను సూతుడు నైమిశారణ్యమున శౌనకాది మహామునులకు వినిపించెను. ఆ సూతుడు కురువంశమువాడు కాడు. విన్న మునులును కారు. అయినను పరుల నోటను పరుల చెవులయందును నిలిచియే ఆ కథ మనదాక వచ్చినది. తన కథను తనయింటనే దాచుకొన్నవానికి జ్ఞాపకము మిగులును. దానిని మఱియొకని కప్పగించినవానికి చుట్టరికము గూడ మిగులును.

ఇట్టి చుట్టరికము మన తెలంగాణముననే కలదు. ఆదిలాబాదు అడవులలోని గోండుల దేవతల పుట్టుకను, వంశముల విభాగమును, పూర్వవీరుల చరిత్రను పాడువారు పర్ధానులు. ఒక్కొక్క పర్ధాను కుటుంబమునకు కొన్ని గోండుల యిండ్లు తాతతండ్రులనాటినుండి ఏర్పడియుండును. పెండ్లియందు, చావునందు, పెర్సాపేన్ అను కులదైవపు కొలువునందు పర్ధాను కిక్రియను తంత్రీవాద్యమును పుచ్చుకొని వచ్చి పాడవలెను. ఇంటివారు ధాన్యమో, బట్టయో, పశువో యిచ్చి సంభావింపవలెను. విశేషమేమనగా, ఆ పర్ధానులలో పెక్కండ్రు తమ యింట మాటలాడుకొనునది మరాఠీ. గోండుల కథను మాత్రము గోండీలోనే పాడుదురు. పరుల భాషలో పరుల పెద్దలను స్మరించుటయే వారి వృత్తి. 1940లో జోడేఘాటువద్ద కొమురం భీము హతుడైన పిమ్మట, నిజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారించుటకు హైమండార్ఫను పండితుని నియమించెను. ఆయన 1948లో గోండులను గూర్చి ప్రకటించిన గ్రంథమునకు పర్ధానుల నోటనున్న కథలు పెద్ద ఆధారమైనవి.

ఈ కథలతో స్త్రీలకేమి పనియని యడుగుదురేమో. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరున మెస్రం వంశపువారు నాగోబాను కొలుతురు. ఆ వంశమున క్రొత్తగా మెట్టిన కోడండ్రు తెల్లచీరలు ధరించి, పెద్దముత్తైదువల వెంట దేవుని యెదుటికి పోవుదురు. దీనిని భేటి యందురు. ఆనాటినుండి ఆ వంశపు దైవము ఆమెకును దైవము. ఆ వంశపు కథ ఆమెకును కథ. మనలో ప్రతి స్త్రీయు అత్తవారింటి కథను విని, తనదిగా జేసికొని, బిడ్డలకు చెప్పినదే గదా! పరుల కథను మోయు విద్య మనకు క్రొత్తది కాదు.

ఇక మా నల్లగొండ, పాలమూరు సీమలకు వత్తము. ఇచట లంబాడీల తండాలు అనేకములు. వీరి పూర్వులు రాజస్థానమువైపునుండి ఎద్దులమీద ఉప్పును ధాన్యమును మోసికొనుచు దక్షిణమునకు వచ్చినవారు. రైళ్లును బాటలును పెరిగినకొలది ఆ వర్తకము నశించెను. పైగా 1871 నాటి బ్రిటిషు చట్టము సంచారజాతులను పుట్టుకతోనే నేరస్థులనుగా నెంచగా, కొన్ని సీమలలో వీరిని గూడ ఆ పట్టికలో చేర్చిరి. వీరి భాషకు సొంతలిపి లేదు. వీరి చరిత్రలో కొంత స్త్రీల కంఠములలో నిలిచినది. పెండ్లికూతురు పుట్టినింటిని విడుచునపుడు పాడు శోకగీతమును ఢావ్లో యందురు. ఆ పేరుతోనే రమేశ్ కార్తీక్ నాయక్ గారు తండాల కథలను తెలుగున 2021లో ప్రకటింపగా, 2024లో దానికి సాహిత్య అకాడమీ యువపురస్కారము లభించినది.

సోదరీమణులారా, కష్టమైన మాట ఇచట నున్నది. 1976 నాటి చట్టముచే తెలంగాణపు లంబాడీలును షెడ్యూల్డు తెగలలో చేరిరి. తమకు రావలసిన చదువులును కొలువులును వారికే పోవుచున్నవని గోండులు, కోయలు మొదలగు అడవిబిడ్డలు 2017లో పెద్ద ఆందోళనము నడిపిరి. తామును పేదలమేయనియు, చట్టము తమకిచ్చిన హక్కును విడువజాలమనియు లంబాడీల వాదము. ఎవరిది న్యాయమో తేల్చుట ఈ పుటలకు తగిన పని కాదు. అందులకు న్యాయస్థానములును శాసనసభలును ఉన్నవి. కాని తగవులాడు రెండు జాతులలో ఒకరి కథ మఱియొకరి చెవిని బడకున్నచో, తీర్పు వచ్చినను పగ పోదు. అడవి చేజారిన దుఃఖము ఒకరిది. బాట చేజారిన దుఃఖము వేఱొకరిది. ఒకే వసతిగృహమున ప్రక్కప్రక్కల పరుండు గోండుపిల్లయు లంబాడీపిల్లయు ఈ రెండు దుఃఖములను ఒకరినొకరు అడిగి తెలిసికొనవలదా? కథ వినుట హక్కునకు బదులు కాదు. ఎదుటివారికిని ఒక పూర్వము కలదని యెఱుగుట మాత్రము దానివలననే కలుగును.

మనవారును పరదేశమున కథను పట్టుకొని బ్రతికినవారే. 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి చెఱకుతోటల పనికి మారిషసు ద్వీపమునకు పోయిన తెలుగువారికి రేవు పేరిట కోరంగీలను పేరు వచ్చినది. వారి సంతతివారు నేటికిని దీపము చుట్టు తిరుగుచు రామభజనము చేయుదురు. ఆ పాట విని ఆనందించు మనము, ప్రక్క తండాలోని పాటను గోలయనుట తగునా?

కావున నాదొక మనవి. మా మేళ్లచెరువున మహాశివరాత్రికి శంభులింగేశ్వరుని జాతర జరుగును. ఇట్టి జాతరలు మీ సీమలయందును కలవు. అచట తండానుండి వచ్చిన యొక వృద్ధురాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “అవ్వా, మీ పెద్దలు ఏ త్రోవను వచ్చిరి?” అని యడుగుడు. ఆమె పలుకును దిద్దకుడు. అర్థముకాని మాటను మరల నడుగుడు. ఆమె యిష్టపడినచో, చదువుకొన్న మీ బాలికచేత తెలుగులిపిలో ఆ కథను వ్రాయించి, చెప్పినయామె పేరును పైన పెట్టుడు. ఆమెకు మీరిచ్చు బియ్యమును భిక్షముగా గాక, పర్ధానునకు గోండు ఇచ్చునట్లు సంభావనగా నిండు. పిమ్మట ఆమె మీ కథ నడిగినచో, ఏమియు దాచక చెప్పుడు. ఊఁకొట్టుట ఆమె వంతు.