మూడు రోజులకో ఎత్తు
చదరంగంలో మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరిపి మొదలెట్టే ఆటలు నేర్చుకోవాలంటే, మూడు నిమిషాల బ్లిట్జ్ కంటే మూడు రోజులకో ఎత్తు వేసే ఆన్‌లైన్ కరస్పాండెన్స్ టోర్నీలే మేలంటాను. ఈ డి4 ఆటల్లో మెరుపుదాడులు తక్కువ, నిదానం ఎక్కువ. క్వీన్స్ గాంబిట్‌లో ఎక్స్ఛేంజ్ వేరియేషన్‌నే చూడండి: తెల్లపావులవాడు బి-బంటును బి5 దాకా నెట్టి, ఎదుటివాడి సి6 బంటును బలహీనపరచాలి. రెండు బంట్లు మూడింటి మీదికి పోవడమన్నమాట! గడియారం తరుముతుంటే ఇది బుర్రకెక్కదు. నెల్లాళ్లు అదే బోర్డును చూస్తూ కూర్చుంటే ఎక్కుతుంది. 1927 ప్రపంచ టైటిల్ పోరులో అలెఖిన్, కాపాబ్లాంకా 34 ఆటల్లో 32 క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డే ఆడారు. విసుగనేవాళ్లు అనుకోనీ, నాకది బడి. లిచెస్, చెస్.కామ్‌ల కరస్పాండెన్స్ ఆటల్లో ఓపెనింగ్ పుస్తకాలు తిరగేయొచ్చు, ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజిన్ మాత్రం నిషిద్ధం. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య ఐసీసీఎఫ్‌లో ఇంజిన్‌కూ అనుమతుంది. అక్కడ పైస్థాయి ఆటలు చాలావరకు డ్రాలే. నేర్చుకునేవాడికి అక్కడేం పని? అందరూ ఒకే ఓపెనింగ్ ఆడే థీమ్ టోర్నీలో చేరి, అరడజను ఆటలు ఒకేసారి నడిపితే చాలు. ఓడినప్పుడు ఏ ఎత్తు దగ్గర పుస్తకం వదిలారో రాసిపెట్టుకోండి. నేను బద్ధకించి, ఒకే గోతిలో రెండుసార్లు పడ్డాను.