అందరి చేతుల్లో నడిచిన నాణెం కొందరి చదువేనా?

నాణెం పుట్టిందే చేతులు మారడానికి. పాలకుని ఖజానా నుంచి బయలుదేరిన రూపాయి దుకాణదారుని గల్లాపెట్టెకు, అక్కడి నుంచి కూలితల్లి కొంగుముడికి చేరింది. ఎవరి మతమూ, కులమూ అడగలేదు. అటువంటి నాణేన్ని గురించిన చదువు మాత్రం ఖరీదైన ఇంగ్లీషు కేటలాగులలో, వేలంపాటలలో, కొద్దిమంది సేకర్తల అల్మారాలలో బందీ అయింది. ఈ తలుపులు అందరికీ తెరవాలన్నది మా డిమాండు.

ప్రగతి నగర్ అపార్టుమెంట్లలో తాతల నాటి హాలీ సిక్కాలు కొన్ని బీరువాలలో ఉండే ఉంటాయి. వాటిపై ఉన్న చార్మినార్‌ను పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. చుట్టూ ఉన్న ఫారసీ రాత దగ్గరే చిక్కు. ఇంగ్లీషు మీడియంలో చదివే ముస్లిం బాలికకూ, పొరుగింటి హిందూ బాలునికీ అది సమానంగా దూరం.

నిజానికి అది అందరాని విద్య కాదు. చార్మినార్ బొమ్మపైన కనిపించే 92, ప్రవక్త ముహమ్మద్ (స) నామానికి అబ్జద్ లెక్క: మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. ద్వారంలోని 'మీమ్' మహబూబ్ అలీ ఖాన్‌కు, 'ఐన్' ఉస్మాన్ అలీ ఖాన్‌కు గుర్తు. 1857 తిరుగుబాటు దాకా హైదరాబాదు నాణేలపై మొగల్ చక్రవర్తి పేరు ఉండేది. తరువాత ఆసఫ్ జాహీ వంశ స్థాపకుని బిరుదు వచ్చింది. ఒక్క పూటలో ఏ పిల్లవాడైనా నేర్చుకోగల పాఠమిది.

ఈ పాఠం నేర్పకపోతే నష్టమెవరికి? చరిత్రను విద్వేషానికి వాడుకునేవారికి చదవలేని సమాజమే కావాలి. గజనీ మహమూద్ లాహోరులో ముద్రించిన వెండి నాణేలపై ఒకవైపు అరబీ, మరోవైపు సంస్కృతం ఉన్నాయి. ముహమ్మద్ ఘోరీ బంగారు నాణెంపై లక్ష్మీదేవి రూపం ఉంది. 1918 చట్టంతో వచ్చిన హైదరాబాదు నోట్లపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు ఉన్నాయి. ఇవి ఆనాటి దాడులనూ, చదువులో తెలుగుకు జరిగిన అన్యాయాన్నీ తుడిచివేయవు. కానీ గతాన్ని ఒకే రంగులో చూపేవారిని నిలదీసే సాక్ష్యాలు.

'ఇది మన వారసత్వం, ఇతరులకెందుకు' అనే మాటనూ మేము అంగీకరించం. కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేలపై ఉన్న బ్రాహ్మీ లిపి ముస్లిం బాలికకు పరాయిది కాదు. హాలీ సిక్కా హిందూ బాలునికి పరాయిది కాదు.

సైఫాబాదులో 1903లో ఏర్పడిన టంకశాల 2022లో మ్యూజియంగా తెరుచుకుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అపారమైన నాణేల నిధి ఉంది. ఈ రెండుచోట్లా ప్రతి నాణెంపై రాతను తెలుగులో, ఉర్దూలో విప్పిచెప్పాలి. చూపులేనివారు తాకి తెలుసుకునేందుకు నమూనాలు ఉంచాలి. ప్రభుత్వ బడుల పిల్లలను, మదరసా విద్యార్థులను రుసుము లేకుండా ఆహ్వానించాలి. సేకర్తల సంఘాలు మహిళలకు, కొత్తవారికి ముందు వరుసలో చోటివ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేదు. 1959 వరకు చెల్లుబాటైన హాలీ సిక్కాను వెండి ధరకు కరిగించనివ్వకండి. మసీదు గ్రంథాలయంలో, అపార్టుమెంటు హాలులో నెలకొక ఆదివారం ఇరుగుపొరుగును పిలవండి. ఆ నాణేన్ని బల్లపై పెట్టి, పిల్లలచేత చదివించండి.