కార్ఖానా కదలినను కాలిబాట మిగలవలెను

పలాస–కాశీబుగ్గ జంటపట్టణములలో జీడి పరిశ్రమ ఇండ్ల నడుమనే పుట్టి, ఇండ్ల నడుమనే పెరిగినది. హౌరా–చెన్నై రైలుమార్గము చేరువగా నుండుటచేత చుట్టునున్న ఉద్దాన ప్రాంతపు తోటల పిక్కలతో మొదలై, అవి చాలక ఆఫ్రికా దేశములనుండి పిక్కలు తెప్పించుకొనునంతటి స్థితికి ఎదిగిన యీ వ్యాపారము, పట్టణ ప్రణాళిక యనునది రాకపూర్వమే ఊరి సందులలో వేళ్లూనుకొన్నది. తత్ఫలితముగా తొక్కలు కాల్చిన పొగ వంటిండ్లలోనికి వచ్చుచుండును. బడిపిల్లలు నడచు దారిలోనే లారీలు బస్తాలను దించుచుండును. కావున కార్ఖానాలను ఊరివెలుపలికి తరలించి, ఆ స్థలములను కాలినడకకు అనువైన పేటలుగా తీర్చిదిద్దవలెనను మాట చెవికి ఇంపుగానే యుండును. అయితే నడకపేట యని మనము క్రొత్తగా కోరుకొనుచున్నది ఒక విధముగా పలాసలో ఇదివరకే యున్నదను సంగతిని ఆ మాట మరుగుపరచుచున్నది.

పిక్కలను ఆవిరిపట్టి, పగులగొట్టి, పప్పును బోర్మా యను వేడిగదిలో ఎండబెట్టి, పొర ఒలిచి, గుండ్లను బద్దలనుండి వేరుపరచు పనిలో అధికభాగము స్త్రీల చేతులమీదుగనే సాగును. తొక్కలోని నూనె చర్మమును కాల్చును గనుక పిక్కలు కొట్టువారు చేతులకు నూనె రాచుకొని బూడిద అద్దుకొందురు. అయినను వ్రేళ్ల కొనలకు పట్టిన నలుపు సెలవుదినమున సైతము విడువదు. గ్రేడింగు బల్లయొద్ద కూర్చున్నవారు పౌనుకు తూగు పప్పుల లెక్కనుబట్టి 180, 210, 240, 320 అను రకములను కంటిచూపుతోనే వేరుచేయుదురు. వీరిలో అనేకులు ప్రక్కవీధులనుండి నడచి వచ్చి, మధ్యాహ్నము ఇంటికిపోయి ముసలివారికి అన్నము పెట్టి, మరల పనిలో కూర్చుండగలుగుచున్నారు. ఈ సౌలభ్యము ఏ ప్రణాళికాపత్రమునందును లిఖింపబడలేదు. కార్ఖానా ఊరు దాటిననాడు మాత్రము ఆటోకిరాయి రూపమున కూలిలోనుండి తెగిపోవును.

ఈ విషయమున మనకు కావలసిన పాఠమును బొంబాయి ఏనాడో నేర్పినది. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు పెక్కుమంది బ్రదుకుతెరువు చూచుకొన్న ఆ బట్టలమిల్లులు, 1982 జనవరి 18న కార్మికనాయకుడు దత్తా సామంత్ నాయకత్వమున ఆరంభమైన సమ్మెకు పిదప క్రమముగా క్షీణింపగా, 1991 నాటి నియమము మిల్లు భూమిలో మూడవ వంతు బహిరంగ స్థలములకును, మూడవ వంతు ప్రజాగృహములకును, తక్కినది యజమానికిని చెందవలెనని నిర్దేశించినది. 2001లో ఆ లెక్కను మొత్తము భూమికి గాక, కట్టడములు లేని ఖాళీస్థలమునకే పరిమితము చేసిరి. 2006లో సుప్రీముకోర్టు దానిని సమర్థించినది. ఇంత చిన్న సవరణతో ప్రజల వాటా కరగిపోగా, మిల్లులున్నచోట వెలసిన కార్యాలయములకు వచ్చు లక్షలాది జనులకు పాత రైలుస్టేషనులును ఇరుకు వంతెనలును మాత్రమే మిగిలినవి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పాదచారుల వంతెనమీద తొక్కిసలాటలో 23 మంది మరణించిరి. మిల్లు గోడలను వేడుకగా నిలిపియుంచిన భోజనశాలలు మాత్రము కొదువలేక వర్ధిల్లుచున్నవి! మన వరంగల్లులోనో, 1934లో నెలకొల్పబడిన ఆజంజాహి మిల్లు మూతపడిన పిమ్మట ఆ భూమిలో ఎక్కువభాగము ప్లాట్లక్రింద మారినది.

పలాసలో స్థలములమీద అట్టి ఒత్తిడి రాదనుకొనుట అమాయకత్వము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరముదాటి, ఉద్దానమునందలి జీడి, కొబ్బరితోటలను నేలగూల్చినది. తిరిగి నాటిన జీడిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. చేరువనున్న పిక్క దూరమైనకొలది చిన్న యజమాని చూపు, పప్పు ధరమీదనుండి స్థలము ధరమీదికి పోవుట సహజము. అందుకు అతనిని నిందింపనక్కరలేదు.

కావున తరలింపవలసినది పరిశ్రమను మొత్తముగా గాక, పొగను, నూనెను, లారీని మాత్రమేయని నా అభిప్రాయము. ఆవిరిపట్టుట, తొక్క కాల్చుట, నూనె తీయుట ఊరివెలుపల జరుగవచ్చును; పొర ఒలుచుట, గ్రేడింగు, పొట్లముకట్టుట అను పొగలేని పనులు పాత షెడ్లలోనే, చిన్న యజమానులు కలిసి వాడుకొను సాలలుగా ఉండవచ్చును. పిక్కలు ఆరబోసిన కళ్లములను చుట్టుగోడ తొలగించి వీధినుండి వీధికి దారులుగా విడిచి, ఇరుప్రక్కల వేప, కానుగ నాటినచో, ఎండకు భయపడి సందు తిరుగని వృద్ధులుకూడ నడువగలరు. త్రాగునీటి కుళాయి అచ్చట అలంకారము కాదు: మూత్రపిండవ్యాధి ఊరూర కాటువేసిన ప్రాంతమిది. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రికిని, పరిశోధనాకేంద్రమునకును డయాలిసిస్ కొరకు వచ్చువారికి, వారివెంట వచ్చు భార్యకో కొడుకుకో, నీడయు నీరును గల దారి మందువంటిదే.

ఈ సూచన చుట్టుప్రక్కల పరిశ్రమలన్నిటికిని చెల్లదు. టెక్కలి గ్రానైటు యూనిట్ల సంగతి వేరు. అవి రహదారి ప్రక్కన వెలసినవి, వాటిచుట్టు ఇంకను పేట ఏర్పడలేదు. నౌపడా ఉప్పుమడులను ఇంటిస్థలములుగా ఊహించుటయే తప్పు. తడినేలలలో విద్యుత్కేంద్రములు కట్టుటకు స్థానికులను అడుగక తీసికొన్న నిర్ణయములు 2010 జూలై 14న సోంపేటను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిని పోలీసుకాల్పులదాక తీసికొనిపోయినవి. పలాసయందును అడుగవలసినవారు యజమానులు మాత్రమే గాదు. బల్లయొద్ద కూర్చున్న స్త్రీలును గలరు.

ఇక నేల సంగతి. సంవత్సరముల తరబడి తొక్కనూనె ఇంకిన భూమిలో పసిపిల్లలు ఆడుకొను ఇండ్లు కట్టుటకు ముందు మట్టిని పరీక్షింపవలెను. జర్మనీలో డూయిస్‌బర్గ్ నగరమున 1985లో చల్లారిన ఉక్కుకొలిమిని కూల్చక పీటర్ లాట్స్ ఉద్యానముగా మలచినపుడు సైతము, కలుషితమైన మట్టిని ఏమిచేయవలెనను ప్రశ్న ప్రణాళికలో అంతర్భాగమైనది. భూవినియోగ మార్పునకు అనుమతి కోరు దరఖాస్తుతో మట్టిపరీక్ష నివేదిక జతపరుపవలెననియు, ప్రజల దారికిని పని సాలకును విడువవలసిన వాటాను ఖాళీస్థలముపై గాక మొత్తము స్థలముపై లెక్కింపవలెననియు పురపాలకసంఘము తీర్మానింపవలసియున్నది. ఈ తీర్మానము మొదటి దరఖాస్తు రాకమునుపే జరుగవలెను. వచ్చిన తరువాత ప్రతి మినహాయింపునకును ఒక సిఫారసు వెంట వచ్చును.