అర్ధరాత్రి కరెంటు చవకా?



ఎండలు ముదిరి సముద్రపు ఉక్క పెరిగేసరికి మన చీరాల ఇళ్లలో కరెంటు బిల్లు గురించిన చర్చ మొదలవుతుంది. దానితోపాటే ఒక మాట వినిపిస్తుంది: “రాత్రి పది దాటితే కరెంటు చవక. బట్టల మిషను, నీళ్ల మోటారు అప్పుడే వేసుకోవాలి.” ఈ మాట నమ్మిన ఇళ్లలో ఇల్లాలో, కోడలో అర్ధరాత్రి దాకా మేలుకొని బట్టలు ఉతికి ఆరవేసి, తిరిగి ఫజ్ర్ అజాన్‌కు లేస్తున్నది.

పొదుపు చేయాలన్న ఉద్దేశం మెచ్చదగినదే. దుబారాను దివ్య ఖుర్‌ఆన్ నిషేధించింది. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీటిని వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధ మన పిల్లలకు సైతం తెలుసు. అయితే పొదుపుకు ముందు లెక్క తెలియాలి. లెక్క తెలియని పొదుపు వల్ల డబ్బు మిగలకపోగా ఇంటివారి ఆరోగ్యం చెడుతుంది.

మన రాష్ట్రంలో కరెంటు ధరలను ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2022లో మండలి ప్రకటించిన పట్టికలో ఇళ్లకు ఆరు స్లాబులు ఉన్నాయి. నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ ధర 1.90 రూపాయలు. 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 76 నుండి 125 వరకు 4.50, 126 నుండి 225 వరకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8.75, ఆపైన 9.75. స్థిర చార్జీలు, ఇంధన సర్దుబాటు వంటివి వీటికి అదనం. ఈ పట్టికలో పగలు, రాత్రి అన్న భేదం లేదు. నెల మొత్తంలో వాడిన యూనిట్లను బట్టే బిల్లు వస్తుంది. వేళను బట్టి ధర మారే విధానం పరిశ్రమలకు, పెద్ద వ్యాపార సంస్థలకు ముందే ఉన్నది. ఆ మాటే చేతులు మారి మన వంటింటి దాకా వచ్చి ఉండవచ్చు.

మరి ఇళ్లకు అటువంటి విధానం రానే రాదా? కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. వ్యవసాయం మినహా మిగిలిన వినియోగదారులకు 2025 ఏప్రిల్ 1 లోగా వేళలవారీ ధరలు తేవాలని, స్మార్ట్ మీటరు బిగించిన వెంటనే అవి వర్తించాలని అందులో ఉన్నది. ఏయే గంటలన్నది రాష్ట్ర మండలి నిర్ణయించాలి.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. ఆ నిబంధనల ప్రకారం చవక వేళ అర్ధరాత్రి కాదు, పట్టపగలు! ఎండ కాసే ఎనిమిది గంటల పాటు ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. గిరాకీ ఎక్కువగా ఉండే వేళ ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. కర్నూలు జిల్లా సోలార్ పార్కు వంటి చోట్ల పగలు కరెంటు సమృద్ధిగా తయారవుతుంది. పొద్దు వాలగానే అది ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంటా దీపాలు, ఫ్యాన్లు, టీవీలు ఒక్కసారిగా వెలుగుతాయి. మన వేళల్లో చెప్పాలంటే జుహర్ ప్రాంతం చవక, మగ్రిబ్, ఇషా ప్రాంతం ప్రియం. అర్ధరాత్రికి చాలావరకు మామూలు ధరే.

ఆ విధానం వచ్చిందనుకొని లాభమెంతో చూద్దాం. ఒకసారి బట్టలు ఉతకడానికి మిషను అర యూనిట్ వాడుతుందనుకుందాం. నెలకు ఇరవై సార్లకు 10 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలైతే రద్దీ వేళ 6.60, పగలు 4.80. సాయంత్రం పనిని పగటికి మార్చితే నెలకు మిగిలేది 18 రూపాయలు! అర్ధరాత్రికి మార్చితే 6 రూపాయలు. నేటి స్లాబు లెక్కలోనైతే ఏమీ మిగలదు. ఈ కొద్దిపాటి రూపాయల కోసం ఒక తల్లి నిద్రను బలిపెట్టడం న్యాయమా? మన దేహానికీ, మన ఇంటివారికీ మనపై హక్కు ఉన్నదని ప్రవక్త (స) బోధించారు. పడుకునే ముందు దీపాలు ఆర్పమనీ ఆయన ఉపదేశించారు. ఇల్లు అంటుకునే ప్రమాదం ఉంటుందన్నదే దానికి కారణం. మిషను తిరుగుతుండగా ఇంటిల్లిపాదీ నిద్రపోవడం కూడా అటువంటి ప్రమాదమే.

నిజమైన పొదుపు పై స్లాబులో ఉన్నది. మొదటి 75 యూనిట్లకు 192 రూపాయలు అవుతుంది. అదే 226 నుండి 300 వరకు గల 75 యూనిట్లకు 656 రూపాయలకు పైగా అవుతుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు తగ్గించే ప్రతి యూనిట్ 8.75 రూపాయలు మిగుల్చుతుంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు పది గంటల చొప్పున నెలకు 22 యూనిట్లు దాటుతుంది. కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో తిరిగితే 9 యూనిట్లే. ఒక్క ఫ్యానుతో 13 యూనిట్లు, అంటే 110 రూపాయలకు పైగా! 2,000 వాట్ల గీజరు అరగంటకే ఒక యూనిట్ తాగుతుంది. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నది.

కనుక ఈ నెల బిల్లు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి. యూనిట్లన్నీ ఒకే మొత్తంగా ఉంటే మీది స్లాబు లెక్క. వాడకం తగ్గించండి, వేళల గురించి బెంగ వద్దు. యూనిట్లు వేళలవారీగా విడివిడిగా ఉంటే మోటారు, మిషను, ఇస్త్రీ పనులను పగటి వెలుగులోకి తెచ్చుకోండి. బట్టలూ ఎండలో త్వరగా ఆరుతాయి. సహరీ వంటను, ఇఫ్తార్ ఏర్పాట్లను మీటరు కోసం మార్చుకోనక్కరలేదు. పనులు పగటికి మారినప్పుడు ఆ భారం ఇంట్లో ఉన్న ఒక్క కోడలిపైనే పడకుండా అబ్బాయిలు కూడా మోటారు వేయడం, బట్టలు ఆరవేయడం నేర్చుకోవాలి.

దుబారాకు దూరంగా ఉంటూ, ఇంటివారి హక్కులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.