పడకగదిలో ‘వద్దు’

“పెళ్లయింది కదా, ఇంకా అడగడమేంటి?” అనే మగవాళ్లు మనలో బోలెడుమంది. స్నేహితుణ్ణి కాఫీ తాగుతావా అని అడుగుతారు గానీ, పక్కనున్న మనిషిని ఇష్టమేనా అని అడగడం నామోషీ. పొద్దున కూరలో ఉప్పెక్కువైందని అందరి ముందూ అరిచి, రాత్రి దగ్గరికి జరిగితే ఆ ఒళ్లు బిగుసుకుపోక ఏం చేస్తుంది? దానికి ‘ఆసక్తి లేదు’ అని పేరుపెట్టి డాక్టరు దగ్గరికి పంపుతాం. చాలామందిలో కోరిక దానంతటది పుట్టదు. భయం లేనిచోట, తన మాట చెల్లేచోట మెల్లగా మేలుకుంటుంది. ‘వద్దు’ అన్నా అవతలివాళ్లు అలగరన్న నమ్మకం ఉంటేనే ‘సరే’కి అర్థం. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సంగతి పట్టుకున్నారు. కాపురానికి వెళ్లమని కోర్టు ఆదేశించడమంటే మనిషికి తన ఒంటిమీదున్న హక్కును లాక్కోవడమేనంటూ హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా, 18 ఏళ్లు నిండి కలిసి కాపురం చేస్తున్న భార్యను భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కాదు.